రెండో సీసా

"మూత తీసింది నేను కాదు. సీలు వేసింది నేను కాదు. అసలు ఆ గదిలోనే నేను లేను. ఇంకా నా మీద పడతారేమిటి బావగారూ?"

"గదిలో లేకపోతే నీ చెయ్యి లేదని ఎలా నమ్మమంటావ్?"

బావగారు భోజనాల బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చారు. ఉప్పు డబ్బా దొర్లి, మూత ఊడింది. ఉప్పు బల్లకు సగం, నేలకు సగం పంపకమైపోయింది. అత్తగారు లేచి చీపురు తెచ్చుకున్నారు. ఈ ఇంట్లో ఎంత పెద్ద యుద్ధం జరిగినా, కింద పడినవి ఎత్తే శాఖ ఆవిడది.

"చూడు పెద్దోడా," అన్నారు ఆవిడ వంగే ఉండి, "బల్ల మీ నాన్న చేయించింది. కొట్టాలని ఉంటే కుర్చీని కొట్టు. అది నువ్వు కొన్నదే."

"నువ్వుండమ్మా! మనింట్లో మనిషే మన గుర్రానికి మందు పెట్టిందంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"పెట్టిందని నువ్వంటున్నావు. పెట్టలేదని అది అంటోంది. ఉప్పు మాత్రం ఖాయంగా పోయింది."

నిన్న సాయంత్రం ల్యాబు నుంచి కబురు వచ్చినప్పటి నుంచీ ఇల్లు ఇలాగే ఉడుకుతోంది. బావగారు తయారుచేసిన ఆడగుర్రం, నుదుట తెల్లమచ్చ ఉండటం వల్ల ఇంటిల్లిపాదీ చుక్క అని పిలిచేది, పోయిన వారం పందెం గెలిచింది. గెలిచిన గుర్రం మూత్రంలో నొప్పి తగ్గించే మందు దొరికింది. అదీ మనుషులు వాడే మందు. ఇవాళ రెండో సీసా విప్పుతారు. రేపు పొద్దున్న విచారణ. రెండో సీసా కూడా అదే మాట చెబితే బావగారి ట్రైనరు లైసెన్సు పోయినట్టే. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు పేరూ, పొగరూ, పొద్దున్నే లేవడానికి కారణమూ అదే.

రెండో సీసా సంగతి ఈ ఇంట్లో చిన్నపిల్లలున్నా చెప్పగలిగేవారు. గెలిచిన గుర్రాన్ని తిన్నగా శాంపిల్ గదికి తోలుకెళ్ళి, దాని మూత్రం పట్టి, రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. మొదటిది పరీక్షకు. అందులో ఏదైనా తేలితే, ట్రైనరు కళ్ళెదుటే రెండోది విప్పుతారు, పొరపాటు జరగలేదని ఆయనకు నమ్మకం కలిగించడానికి. ఎవరికీ నమ్మకం కలగదు. అది వేరే సంగతి.

ఆ మూత్రం పట్టే ఉద్యోగం ఈ ఇంటి చిన్నకోడలు డాక్టరమ్మది.

గుర్రం మనం అడిగినప్పుడు పోయదు. దానికి ఈల వేయాలి. సన్నగా, తొందర లేకుండా, ఇద్దరికీ ప్రపంచంలో ఇంకో పని లేనట్టు వేయాలి. పశువైద్యంలో పతకం తెచ్చుకున్న మనిషి చీకటి గదిలో గుర్రం పక్కన కర్రకు కట్టిన డబ్బా పట్టుకుని ఈల వేస్తూ నిలబడుతుందంటే మొదట్లో అందరూ నవ్వారు. రేసుకోర్సులో ఆమెకు ఈల డాక్టరమ్మ అని పేరు పడిపోయింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "సాధన చేసుకోవాలంటే మేడ మీద చేసుకో అమ్మాయ్. కింద వేస్తే నాకు లేవాలనిపిస్తోంది," అన్నారు.

సొంత మనుషుల గుర్రం వచ్చిన రోజు ఆమె గదిలో ఉండకూడదు. తలుపు బయట నిలబడాలి. చుక్క వచ్చిన రోజూ అలాగే నిలబడింది. లోపల జూనియర్ డాక్టరు వేసిన ఈల, రబ్బరు పోయిన కుక్కర్‌లా బుస్సుమంటుంటే విని, నోరు కట్టుకుని ఊరుకుంది.

"ఆ మందు పేరు చదవడానికే నోరు తిరగలేదు నాకు," అన్నారు బావగారు. "పుట్టి బుద్ధెరిగి నేను ఆ పేరు వినలేదు. నా గుర్రాల పాకలో అలాంటిది అడుగుపెట్టలేదు. ఒట్టు!"

మళ్ళీ బల్ల మీద కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చోట మాత్రల అట్ట ఒకటి అడ్డంగా ఉంటే దాన్ని పక్కకు తోసి మరీ కొట్టారు.

డాక్టరమ్మ ఆ అట్ట వైపు చూడలేదు. చూస్తే కళ్ళు చెప్పేస్తాయని భయం. ల్యాబు కాగితంలో ఉన్న పేరూ, ఆయన ఇప్పుడే చిటికెనవేలితో తోసేసిన అట్ట మీది పేరూ ఒకటే. మూడేళ్ళుగా రోజూ పొద్దున్న ఇదే బల్ల మీద, ఇదే కుర్చీలో కూర్చుని, ఆయన సొంత తమ్ముడు, అంటే ఆమె భర్త, ఆ మాత్ర మింగుతున్నాడు. ఏం మింగుతున్నావురా అని అన్నగారు ఒక్క రోజు అడిగి ఉంటే, ఈ ఉప్పు కింద పడేది కాదు.

ఆయన మందు పెట్టలేదు. మూడేళ్ళలో మొదటిసారి బావగారు నిజం చెబుతున్నారు. ఆమెకు వచ్చిన సంతోషం ఎంతటిదంటే, దాన్ని దాచుకోవడానికి కాఫీ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

"నువ్వైనా చెప్పు," అంది తోడికోడలు, వంటగది గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకుంటూ. "డాక్టరువి. నీకు తెలియని దారి ఉంటుందా? ఒక్క మాట సాయం చెయ్యకూడదూ?"

"నాకేం తెలుసక్కా. నేను ఈల వేసే మనిషిని."

పక్కగదిలో డాక్టరమ్మ భర్త కాలి వ్యాయామం చేసుకుంటున్నాడు. రబ్బరు పట్టీ లాగిన చప్పుడు ఇందాకటి దాకా వినిపించింది. ఇప్పుడు వినిపించడం లేదు.

* * *

మూడేళ్ళ కిందట అతను జాకీ. ఎత్తు తక్కువ, నవ్వు ఎక్కువ, గుర్రం మీదుంటే భయమన్న మాటే తెలియని మనిషి. ఆ రోజు అతనెక్కిన అన్నగారి గుర్రం ఆఖరి మలుపులో ముందరి కాలు విరిగి కూలిపోయింది. వెనక వస్తున్నవి అతని మీదుగా వెళ్ళాయి. తుంటి ఎముక ముక్కలైంది.

కాలు నొప్పిగా ఉన్న గుర్రం అంత వేగం పోదు. నొప్పి తెలియకుండా చేస్తేనే పోతుంది. విరిగేదాకా పోతుంది. భర్తను ఆంబులెన్సు ఎక్కించాక, చచ్చిన గుర్రాన్ని లారీకెత్తుతుంటే డాక్టరమ్మ వెళ్ళి దాని కాలు తడిమి చూసింది. గిట్టకు పైన, ఇటొకటి అటొకటి, దోమకాటంత సూది గుర్తులు. మొద్దుబార్చే సూది. కానీ అప్పట్లో ట్రాక్ మీద చచ్చిన గుర్రానికి ఎవరూ రక్తం తీసేవారు కాదు. లారీ వెళ్ళిపోయింది. ఆస్పత్రి వరండాలో బావగారు ఆమె భుజం తట్టి, "మన రాత బాగాలేదమ్మా," అన్నారు.

ఆ మర్నాడే ఆమె సొంత క్లినిక్కుకు తాళం వేసింది. రేసుకోర్సులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ట్రాక్ మీద ప్రాణం పోయిన ప్రతి గుర్రానికీ రక్తం తీయాలన్న రూలు ఇప్పుడుందంటే, పై అధికారుల ప్రాణం తోడి ఆమె పెట్టించిందే. ఆ తరవాత కూర్చుంది, ఈల వేస్తూ. ఏదో ఒక రోజు బావగారి సీసాలో ఏదో ఒకటి తేలకపోతుందా అని. ఒకే కప్పు కింద, ఒకే కూర వడ్డించుకుంటూ, "ఇంకొంచెం వేయమంటారా బావగారూ," అని అడుగుతూ ఎదురుచూసింది.

తేలింది. చెయ్యని తప్పు తేలింది. అయినా ఫరవాలేదనుకుంది. ఆకలి మీదున్నవాళ్ళు వంట ఎవరు చేశారని అడగరు.

* * *

మధ్యాహ్నం ల్యాబు పెద్దాయన క్యాంటీనులో ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నారు. జీవితమంతా సీసాలు వాసన చూసిన మనిషి కావడం వల్ల, బిస్కెట్టును కూడా ముక్కు దగ్గర పెట్టుకుని ఒక క్షణం ఆలోచించి కానీ కొరకరు.

"మీ బావగారు ఇందాక సీసా విప్పుతుంటే నా మీద అరిచారు."

"ఇంట్లో బల్ల మీద అరిచొచ్చారు. మీ వంతు తరవాత వచ్చింది."

"విచారణకు ముందు ఈ కేసు గురించి నీతో మాట్లాడకూడదు."

"మాట్లాడకండి."

"మాట్లాడటం లేదు. కొత్తగా చేరిన పిల్లలకు చెప్పే పాఠం ఒకటుంది. అది మళ్ళీ ఒకసారి నెమరేసుకుంటున్నాను." ఆయన బిస్కెట్టు వాసన చూసి కింద పెట్టేశారు. "మందు గుర్రానికి తిన్నగా పట్టిస్తే, దాని మూత్రంలో మందు మందులాగే ఎక్కువ కనిపిస్తుంది. అదే మందు ముందు ఒక మనిషి ఒంట్లోకెళ్ళి, అక్కడ ముక్కలై, ఆ మనిషి పోసింది గడ్డిలో పడి, ఆ గడ్డి గుర్రం తిన్నదనుకో. అప్పుడు మందు తక్కువ, ముక్కలెక్కువ. ఏ దారిన వచ్చిందో ఆ లెక్కే చెప్పేస్తుంది."

"చుక్క సీసాలో లెక్క ఎలా ఉంది?" అని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. చక్కెర వేసుకోని కాఫీని మాత్రం చాలాసేపు కలిపారు.

"ఆ లెక్క మీరు ఇచ్చే కాగితంలో రాస్తారా?" అందామె చివరికి. "పాఠంలో సంగతే అడుగుతున్నాను."

"మా కాగితంలో మందు ఉందా లేదా అంతే. విచారణలో ట్రైనరు అడిగితే, ముక్కల లెక్క తీసి చూపించడం మా బాధ్యత. లెక్క ఆ దారినే చూపిస్తే మహా అయితే పాక శుభ్రంగా లేదని మందలించి వదిలేస్తారు."

"అడగకపోతే?"

"అలాంటి ప్రశ్న ఒకటుందని తెలిసినవాడు కదమ్మా అడిగేది."

ఆయన లేచి వెళ్ళిపోయారు. డాక్టరమ్మ ఆయన వదిలేసిన బిస్కెట్టు తీసుకుని తినేసింది. చాలా రుచిగా ఉంది. బావగారి తల మీద వేలాడుతున్న కత్తిని పక్కకు తప్పించడానికి ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న ఈ ఊళ్ళో ఆమెకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆమె అబద్ధం ఆడనక్కర్లేదు. సాక్ష్యం మార్చనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. కోడళ్ళకు ఈ ఇంట్లో మొదటి రోజు నుంచీ నేర్పిన విద్యే అది.

* * *

గుర్రం తిన్న గడ్డిలో ఆ మందు ఎలా పడిందో మాత్రం చూడాలనిపించింది. బావగారి పాకలకు ఆమె వెళ్ళి చాలా కాలమైంది. బయట గుర్రాల్ని చూసుకునే సైసు ఒకతను ఇంకో గుర్రానికి ఒళ్ళు తోముతున్నాడు. ఆమెను చూసి నోరు తెరిచాడు కానీ, నమస్కారం పెట్టడానికో, హెచ్చరించడానికో తేల్చుకోలేక మూసేశాడు.

చుక్క గదిలో, బోర్లించిన బకెట్టు మీద, వ్యాయామశాలలో ఉండవలసిన ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. చుక్క అతని భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఓహో. కాలి వ్యాయామం ఇక్కడ చేయిస్తున్నారా?" అంది డాక్టరమ్మ.

అతను లేవబోయి, కర్ర దొరక్క, మళ్ళీ కూర్చున్నాడు. "అరవకు. దీనికి నిద్ర పట్టింది."

"ఎన్నాళ్ళుగా?"

"ఇప్పుడే పట్టింది."

"మీ సంగతండీ."

"ఆ... అప్పుడప్పుడూ. రోజూ అనుకో. అక్కడ ఆ యంత్రాల మీద కాళ్ళాడిస్తే నాకు ఏడుపొస్తుంది. ఇక్కడ కూర్చుంటే ఏదీ రాదు. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు."

ఆమె గదంతా కలియజూసింది. కింద ఒత్తుగా గడ్డి పరిచి ఉంది. ఒక మూల మాత్రం కాస్త అణిగి, రంగు మారి ఉంది. చుక్క తినే చోటు కూడా ఆ పక్కనే.

"మీరు పొద్దంతా ఇక్కడుంటే, బాత్రూముకు ఎక్కడికెళ్తున్నారు?"

"ఏమిటే ఆ ప్రశ్న!"

"నా ఉద్యోగమే ఆ ప్రశ్న. చెప్పండి."

అతను సిగ్గుపడ్డాడు. అతన్ని అలా చూసి చాలా కాలమైంది. "అది ఆ చివరెక్కడో ఉంది కదా. కర్రతో అంతదూరం పోయి వచ్చేసరికి తుంటి చంపేస్తుంది. అందుకని, ఆ మూల... సైసు రోజూ ఆ గడ్డి తీసేస్తాడులే."

"తీసేలోపు ఇది తింటుంది."

"పడుకునే గడ్డి తింటుందా?"

"పరుపేదో పళ్ళెమేదో దానికి తేడా లేదు. మీరు జాకీగా పైన కూర్చున్నారు కాబట్టి కింద సంగతి మీకు తెలియదు."

అతని మొహంలో నవ్వు నెమ్మదిగా ఆగింది. ఆ మూల వైపు చూశాడు. చుక్క వైపు చూశాడు. జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, అక్కడ మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్ర ఉంటుంది.

"నా మూలంగానా?"

"మీ మూలంగానే."

"అయ్యో! అన్నయ్యకు చెప్పాలి. పద, పద. రేపు విచారణలో నేనే లేచి..."

"లేవరు," అంది ఆమె.

అంత మెల్లగా అంది కాబట్టే అతను ఆగిపోయాడు.

"చెయ్యని తప్పుకు లైసెన్సు పోతుందే ఆయనకు!"

"చెయ్యని తప్పుకు మీ తుంటి పోయింది. ఆయన చేసిన తప్పుకు ఆయనకేం పోయింది? రెండు పూటలా తింటున్నారు. ఎండాకాలం కొత్త టోపీ కొనుక్కున్నారు. మూడేళ్ళు ఆయన నోరు విప్పలేదు. మీరు ఒక్క రోజు విప్పకుండా ఉండలేరా?"

"నీకు చాలా కోపం ఉంది."

"కోపమైతే ఎప్పుడో చల్లారేది. మీరు రోజూ మెట్లెక్కుతూ పళ్ళు బిగబడతారే, ఆ చప్పుడు నాకు కింద గదిలోకి వినిపిస్తుంది. కోపాన్ని చల్లారనివ్వరు మీరు."

అతను చుక్క మెడ మీద జుట్టును పాయలు తీస్తూ కూర్చున్నాడు. తను చెప్పింది అతనికి నచ్చలేదనుకుంది ఆమె. నచ్చకపోయినా మాట వింటాడనుకుంది.

* * *

ఇంటికి నడిచి వస్తుంటే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. మొదటి దానికంటే బాగుంది.

ఊరికే నోరు మూసుకుంటే బావగారు అన్యాయమైపోయిన మనిషిలా మిగులుతారు. జీవితాంతం ఆ కథ చెప్పుకుంటూ బతుకుతారు, విన్నవాళ్ళు అయ్యో పాపం అంటారు. ఆ సుఖం కూడా ఆయనకు ఎందుకివ్వాలి? పైగా ఆమె శాంపిల్ డాక్టరు. సీసాలో ఉన్నది ఏ దారిన వచ్చిందో తెలిసి దాచడం ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. ఒక నిజానికి ఇంకో నిజం మారకం వేస్తే ఏ గుచ్చుడూ ఉండదు.

బావగారు ముందుగదిలో విచారణకు వేసుకెళ్ళే కోటును బ్రష్షుతో రుద్దుతున్నారు. తోడికోడలు పక్కనే కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"రెండో సీసా కూడా అదే చెప్పింది," అన్నారాయన తలెత్తకుండా. "సంతోషమేనా?"

"ఆ మందు ఎలా వచ్చిందో నాకు తెలుసు బావగారూ. మీరు పెట్టలేదనీ తెలుసు. రేపు మీరు ల్యాబు పెద్దాయన్ని ఒక్క ప్రశ్న అడిగితే మీ మీద ఈ మచ్చ పోతుంది. ఆ ప్రశ్న నేను చెబుతాను."

బ్రష్షు ఆగింది. తోడికోడలు, "నే చెప్పలేదూ! మన అమ్మాయి మనసు మంచిదని నే చెప్పలేదూ!" అంటూ లేచింది.

"కూర్చో అక్కా. ఇంకా అయిపోలేదు." డాక్టరమ్మ ఎదురు కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఈ క్షణం కోసం ఆమె మూడేళ్ళు ఈల వేసింది. తొందరపడదలచుకోలేదు. "దానికి బదులుగా, అదే విచారణలో, అదే మనుషుల ముందు, మూడేళ్ళ కింద చచ్చిన గుర్రానికి సూది వేశానని మీరు ఒప్పుకోవాలి."

బావగారు బ్రష్షు పక్కన పెట్టారు.

"ఒప్పుకుంటే దానికి లైసెన్సు పోతుంది," అన్నారు బావగారు. "ఒప్పుకోకపోతే దీనికి పోతుంది. ఎటుపోయినా పోయేదే. మరి నాకేం మిగిలిందమ్మా నువ్వు చేసే ఈ సాయంలో?"

"చేసిన తప్పు పేరు మీద పోతుంది. నాకు అది చాలు."

"బాగా ఆలోచించావు."

"తీరిక దొరికింది. గుర్రాలు తొందరగా పోయవు."

ఆయనకు కోపం వస్తుందనుకుంది. బల్ల లేదు కాబట్టి గోడను కొడతారనుకుంది. ఆయన కోటును కుర్చీ వీపుకు తగిలించి, దాని భుజాలు సరిచేసి, చాలా అలసిపోయినట్టు కూర్చున్నారు.

"సూది గుర్తులు చూశావా నువ్వు?"

"చూశాను. గిట్టకు పైన ఇటొకటి, అటొకటి."

"ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరితోనూ అనలేదు."

"మీరంతట మీరు అంటారేమోనని చూశాను."

"సరే. డాక్టరువి కదా. ఆ సూది ఎలా వేస్తారో చెప్పు. నాకు పరీక్ష పెట్టావు కదా, నేనూ పెడుతున్నాననుకో."

"ఎలా వేయడమేమిటి? కాలు ఎత్తి పట్టుకోవాలి, మడమ దగ్గర నరం తడిమి చూసుకోవాలి..."

"కాలు ఎవరెత్తి పట్టుకోవాలి?"

"పక్కనున్నవాళ్ళు. వేసేవాడికి రెండు చేతులూ సూది దగ్గరే..."

ఆమె ఆగింది.

వేల గుర్రాల కాళ్ళు తడిమిన మనిషి. జూనియర్లకు ఆ సూది పాఠం చెప్పిన మనిషి. ఆ పని ఒంటరిగా చెయ్యలేరని ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. మూడేళ్ళుగా కళ్ళు మూసుకుంటే కనిపించే బొమ్మలో మాత్రం సూది పట్టుకున్న బావగారు ఒక్కరే. ఆ కాలు గాల్లో తనంతట తనే లేచి నిలబడి ఉంది. దాన్ని పట్టుకున్న చేతుల్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఆ గుర్రం నన్ను చూస్తే చెవులు వెనక్కి విరిచేది," అన్నారు బావగారు. గొంతులో గెలుపేమీ లేదు. "సైసును తన్ని మంచాన పడేసింది. గిట్టలకు నాడాలు కొట్టేవాడు దాని గదిలోకి రానన్నాడు. అది కాలు తీసి ఎవరి చేతిలో పెట్టేదో నీకు నేను చెప్పాలా?"

"అబద్ధం."

"సూది వేసింది నేనే. కాదనడం లేదు. రేపు ఒప్పుకోమంటావా, ఒప్పుకుంటాను. కానీ నిజం చెప్పాక సగం చెప్పడం నాకు చేతకాదు. ఇద్దరి పేర్లూ చెబుతాను. ఆ తరవాత వాణ్ణి రేసుకోర్సు గేటు దాటనివ్వరు. గుర్రాన్ని ముట్టుకోనివ్వరు, బతికున్నంతకాలం. నీకు ఇష్టమైతే సరే అను."

"ఆయన అలాంటి పని చెయ్యరు. ఎక్కి కూర్చునే మనిషి, కాలు మొద్దుబారిన గుర్రాన్ని తెలిసి తెలిసి ఎలా ఎక్కుతారు?"

"అదీ వాణ్ణే అడుగు."

ఆమె తోడికోడలి వైపు తిరిగింది. సాయం కోసమో, సాక్ష్యం కోసమో ఆమెకే తెలియదు. తోడికోడలు మడత పెట్టిన బట్టనే విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

"అక్కా. నీకు తెలుసా?"

తోడికోడలి చేతిలో మడత ఆగిపోయింది. వంటగదిలో అత్తగారు కడుగుతున్న గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. కింద పడింది ఏదో ఎత్తడానికి వీలులేనిదని ఆవిడకు ముందే తెలిసినట్టు, ఈసారి బయటికి రాలేదు.

అందరికీ తెలుసు. మూడేళ్ళుగా ఆ భోజనాల బల్ల చుట్టూ కూర్చుని కూర వడ్డించుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆమె ఒక్కతే ఇంట్లో పరాయి మనిషిలా పగ పెంచుకుంటూ కూర్చుంది. ఆ పగను అందరూ చూశారు. పెంచుకోనిచ్చారు.

"రేపు పొద్దున్నే విచారణ," అన్నారు బావగారు. "నీ ప్రశ్న చెబుతావో మానతావో పొద్దున్నకల్లా తేల్చుకో. నేను కాఫీ తాగి బయలుదేరతాను."

ఆమె పైకి వెళ్ళింది.

ఆటోలో ముందే వచ్చేసిన భర్త మంచం అంచున కూర్చుని, పాదానికి రబ్బరు పట్టీ తగిలించుకుని లాగుతున్నాడు. ఆమెను చూడగానే ఎప్పటిలా, "ఈల డాక్టరమ్మ పాపం అలిసిపోయినట్టుంది," అనబోయాడు కాబోలు, మొహం చూసి మానేశాడు. పట్టీ వదిలేశాడు. అది చటుక్కున ముడుచుకుని నేల మీద పడింది.

ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఏం అడగాలో తెలుసు. అడిగితే, జవాబు వచ్చేదాకా వినాలని కూడా తెలుసు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకు అతను అబద్ధం చెబితే బాగుండుననిపించింది. చక్కగా, తడబడకుండా, ఒక్క అబద్ధం.

"కింద అన్నయ్యతో మాట్లాడావా?" అన్నాడు.

"మాట్లాడాను."

అతను ఏం మాట్లాడావని అడగలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకున్నాడు. తరవాత తలెత్తకుండానే అడిగాడు.

"ఎంతవరకు చెప్పాడు?"